నియమము, దాని అర్థము: గది లోపల ఎగిరే విమానాల పోటీలపై ఒక అభిప్రాయము

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి విమానాల ఊసెందుకని మా భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులు నవ్వవచ్చును. నవ్వనిండు. నేను వ్రాయదలచినది విమానాన్ని గురించి ఎంతో, ఆ విమానాన్ని ఇట్లే కట్టవలెనని శాసించే వాక్యాలను గురించి కూడా అంతే. వాక్యార్థ నిర్ణయం మా శాఖ పని. సూత్రంలోని ఒక్క పదానికి రెండు అర్థాలు తోచినప్పుడు ఏది గ్రాహ్యం, ఏది త్యాజ్యం అన్న విచారణ వ్యాకరణంలోను ఛందస్సులోను శతాబ్దాలుగా సాగుతూ వచ్చినది. అదే విచారణ అర గ్రాము కూడా లేని రబ్బరు పోగును గురించి, మూరెడు రెక్కను గురించి నేడు కొన్ని దేశాలలో ఎంతో పట్టుదలతో సాగుతున్నదంటే వినడానికి విచిత్రంగానే ఉంటుంది.

ముందుగా ఆ విమానమెట్టిదో చెప్పవలెను. 1871లో పారిస్ నగరపు త్వీలరీ ఉద్యానంలో అల్ఫాన్స్ పెనో అనే ఇరవై యొక్క ఏండ్ల యువకుడు, మెలి తిప్పిన రబ్బరు బలంతో ప్రొపెల్లరు తిరిగే చిన్న విమానాన్ని పెద్దల సమక్షంలో 11 సెకండ్లు ఎగురవేసి చూపించినాడు. మనిషి విమానమెక్కడానికి ముప్పై ఏండ్ల పైచిలుకు ముందటి మాట ఇది. మోటారు లేదు, ఆవిరి లేదు. చేతితో చుట్టిన మెలి విడిపోతూ ఉన్నంతసేపే ఎగరడం. ఆ 11 సెకండ్ల సంతతే నేటి ఇండోరు నమూనా విమానాలు. గాలి వీచని పెద్ద భవనంలో, కప్పుకూ నేలకూ మధ్య, ఎవరి విమానం ఎక్కువసేపు ఆకాశంలో నిలుస్తుందన్నదే పోటీ. వేగంతో పని లేదు, దూరంతో పని లేదు. అసలు ఈ క్రీడలో వేగం దోషమే. మనిషి నింపాదిగా నడిచే నడకకన్న నెమ్మదిగా, ప్రొపెల్లరు సెకండుకొక్క చుట్టైనా తిరుగుతున్నదా అని అనుమానం కలిగేటంత మందగమనంతో ఆ విమానం వలయాలుగా పైకి పోయి, వలయాలుగానే దిగివస్తుంది.

1905లో స్థాపితమైన అంతర్జాతీయ వైమానిక సమాఖ్య ఈ పోటీలకు కూడా నియమాలు వ్రాసినది. వాటిలో అగ్రశ్రేణిని ఎఫ్ 1 డి అని వ్యవహరిస్తారు. ఒక్కొక్కరికి ఆరు సార్లు ఎగురవేసే అవకాశమిచ్చి, అందులో మేలైన రెండింటి కాలాన్ని కూడుతారు. దీనికి సామాన్యమైన గదులు చాలవు. రుమేనియాలో స్లానిక్ ప్రహోవా అనే చోట భూమికి సుమారు 200 మీటర్ల అడుగున తవ్వి వదిలిన ఉప్పు గనిలో, 54 మీటర్ల ఎత్తున్న గుహలలో ప్రపంచ పోటీలు జరిగినవి. ఇంగ్లండులోని కార్డింగ్టన్‌లో, 1930లో ఫ్రాన్సులో కూలిపోయిన ఆర్ 101 ఆకాశనౌకను నిర్మించిన మహాశాలలో ఈ కాగితపు బరువు పక్షులు ఏండ్ల తరబడి ఎగిరినవి. అంత భారీ నౌకను నిర్మించిన ఇంట్లో గ్రామున్నర బరువు విమానం కాపురముండడం కాలం చేసిన చమత్కారమేమో!

గ్రామున్నర అన్నాను. లెక్కగా చెప్పాలంటే నేడు ఎఫ్ 1 డి విమానానికి రబ్బరు మినహాయించి ఉండవలసిన కనీసపు బరువు 1.4 గ్రాములు. రబ్బరు 0.4 గ్రాములకు మించరాదు. రెక్కల వెడల్పు ఈ కొస నుండి ఆ కొసకు 550 మిల్లీమీటర్లు, రెక్క లోతు 200 మిల్లీమీటర్లు, తోక రెక్క 450 మిల్లీమీటర్లు - ఇవి గరిష్ఠ పరిమితులు. మనం పరీక్ష జవాబులు వ్రాసే ఏ 4 కాగితం సుమారు 5 గ్రాములు తూగుతుంది. దానిని నాలుగుగా చింపి ఒక ముక్కను చేతబట్టుకుంటే, రెక్కలు, తోక, ప్రొపెల్లరు అన్నీ కలిసిన విమానం ఇంచుమించుగా అంతే. దూది వంటి బాల్సా కర్రను గడ్డిపరకలంత సన్నగా చీల్చి చట్రం కట్టి, పూర్వం నీటి మీద ద్రావకం పోసి తీసిన పొరను, ఇప్పుడు మైక్రాను దరిదాపు మందం గల ప్లాస్టిక్ పొరను దాని మీద పరచి, ఊపిరి బిగబట్టి తయారుచేస్తారు. దగ్గరగా నిలబడి తుమ్మితే విమానం పోయినట్లే.

ఈ అంకెలు ఆకాశం నుండి ఊడిపడలేదు. ప్రతి అంకె వెనుక ఒక తగవు, ఒక తీర్మానం ఉన్నవి. పూర్వపు నియమంలో రెక్క 650 మిల్లీమీటర్లు, బరువు కనీసం 1 గ్రాము, రబ్బరుకు పరిమితి లేదు. ఆ రోజులలో గంటకు మించి ఎగిరిన విమానాలున్నవి. 2001 ప్రాంతంలో రెక్కను 550కి కుదించి, బరువును 1.2కు పెంచి, రబ్బరును 0.6కు కట్టివేసినారు. 2010ల దశాబ్దంలో మళ్ళీ మార్చి 1.4, 0.4 అన్నారు. పాఠకులు గమనించినారో లేదో, 1.2కు 0.6 కలిపినా, 1.4కు 0.4 కలిపినా మొత్తం 1.8 గ్రాములే. మోయవలసిన మొత్తం భారం మారలేదు. మోసే శక్తిలో మూడవ వంతు కోసివేసినారు. నియమం వ్రాసేవాడు ఎంత నిగూఢంగా ఆలోచించగలడో చూపడానికి ఇది చాలును.

కనీసపు బరువెందుకన్నదానికి శాస్త్ర కారణమున్నది. ఒకే రెక్కతో సమతలంలో ఎగరడానికి సెకండుకు కావలసిన శక్తి, బరువు పెరిగిన దానికన్న వేగంగా పెరుగుతుంది. బరువు సగమైతే కావలసిన శక్తి సగం కాదు, సుమారు మూడవ వంతుకు దిగుతుంది. కనుక తక్కువ బరువు కోసం పరుగు మొదలైతే ఆ పరుగుకు అంతం లేదు. ఎవరికి మేలైన కర్ర దొరుకునో, ఎవరికి సన్నని పొర దొరుకునో వారిదే గెలుపవుతుంది. బరువుకు అడుగు హద్దు పెట్టినది ఆ పరుగును ఆపడానికే.

ఇక అసలు సంగతికి వస్తాను. నియమం అంకెలతో ఉన్నంత మాత్రాన నిస్సందేహంగా ఉంటుందనుకోవడం భ్రమ. "రెక్కల వెడల్పు 550 మిల్లీమీటర్లకు మించరాదు" అన్న వాక్యాన్నే తీసుకొందాము. ఇందులో అంకె స్పష్టం. కొలత ఎక్కడి నుండి ఎక్కడికి? విమానం పక్కకు ఒరగకుండా ఉండడానికి రెక్కల కొసలను పైకి వంచుతారు. వంచిన కొసను దాని పొడవునా కొలవవలెనా, లేక నెత్తి మీది దీపం వెలుగులో నేల మీద పడే నీడను కొలవవలెనా? కొస 100 మిల్లీమీటర్లుండి 30 డిగ్రీల వాలుతో పైకి లేచినదనుకొండు. నీడలో అది సుమారు 87 మిల్లీమీటర్లే. అంటే నీడ లెక్కన కొలిస్తే ఒక్కొక్క కొసలో 13 మిల్లీమీటర్ల రెక్క లెక్కకు రాకుండా దక్కుతుంది. దీనిని కొందరు దొంగతనమంటారు. నేననను. వాలిన రెక్క నెట్టే గాలి బలం కూడా వాలుగానే ఉంటుంది కాబట్టి దక్కిన లాభంలో కొంత అక్కడే పోతుంది. పైగా ఆ వంపు లేనిదే విమానం నిలకడగా ఎగరదు. కనుక నీడ లెక్కే న్యాయమని నా అభిప్రాయం. అయినా నా అభిప్రాయంతో పని లేదు. నియమంలో "నేలకు సమాంతరంగా కొలిచినప్పుడు" అన్న మూడు మాటలున్నవా లేవా అన్నదే ప్రశ్న. ఆ మూడు మాటలుంటే వివాదం పుట్టదు.

బరువు సంగతీ అంతే. బాల్సా కర్ర గాలిలోని తేమను పీల్చుకొంటుంది, ఆరుతుంది. వానాకాలపు రాత్రి ఇంటిలో సరిగ్గా హద్దు మీద తూగిన విమానం, పొడి గాలి ఉన్న సభాభవనంలో హద్దుకు దిగువన తూగవచ్చును. అనుభవజ్ఞులు అందుకే కాస్త బంకమట్టి ముద్దను అదనంగా అంటించి ఉంచుతారు. రబ్బరుకు పూసిన నూనె రబ్బరు బరువులో చేరుతుందా, చేరదా? మెలి చుట్టడానికి రబ్బరు కొసకు తగిలించే చిన్న వలయం రబ్బరుదా, విమానానిదా? నవ్వు పుట్టించే ప్రశ్నలివి. కాని మొత్తం 0.4 గ్రాముల లెక్కలో ఒక చుక్క నూనె ఎంత వాటానో ఆలోచించినవారికి నవ్వు రాదు.

కొద్ది సంవత్సరాల క్రితం ఒక అంతర కళాశాల ప్రదర్శనలో నేను కళ్ళారా చూచినదొకటి చెప్పవలెను. ఊరి పేరు, సంస్థ పేరు అప్రస్తుతం. రెక్క లోతు 12 సెంటీమీటర్లకు మించరాదని ఆ పోటీ నియమం. ఒక విద్యార్థి వెదురు పుల్లలతో, గాలిపటపు కాగితంతో చక్కని విమానం కట్టి తెచ్చినాడు. రెక్క అడ్డుకోత విల్లు వలె వంగి ఉన్నది; వంపు ఎత్తు సుమారు ఒక సెంటీమీటరు. విల్లుకు నారి ఎట్లో, రెక్కకు ముందు అంచు నుండి వెనుక అంచుకు గీచిన సరళరేఖ అట్లు. వైమానిక శాస్త్రంలో రెక్క లోతంటే ఆ రేఖయే. విద్యార్థి దానిని సరిగ్గా 12 సెంటీమీటర్లకు కట్టినాడు. నిర్ణేత దర్జీల టేపు తెచ్చి రెక్క వీపు మీద, వంపు వెంట పరచి కొలిచినాడు. రెండు మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చినది. "నియమ విరుద్ధం" అని పక్కన పెట్టించినాడు. కుర్రవాడు అడ్డు చెప్పబోతే, "నియమం నియమమే, నాయనా" అన్నాడు. ఆ మాట విని నేను ఉలిక్కిపడ్డాను. నియమం నియమమే, కాని ఆయన అమలు చేసినది నియమాన్నా, తన టేపునా? లెక్క వేసి చూడండి: 12 సెంటీమీటర్ల నారికి సుమారు సెంటీమీటరు ఎత్తు వంపున్న విల్లు పొడవు 12.2 సెంటీమీటర్లు కావడం గణితధర్మం. ఆ కుర్రవాడు నియమాన్ని ఖచ్చితంగా పాటించినందుకే టేపుకు ఆ రెండు మిల్లీమీటర్లు వచ్చినవి. మూడు వారాల పని మూడు నిమిషాలలో పోయినది. తరువాత ఆ అబ్బాయి అటువంటి పోటీలకు వెళ్ళలేదని విన్నాను.

ఆ నిర్ణేత దుర్మార్గుడు కాడు. ఎవరికీ పక్షపాతం చూపలేదు. అందరి రెక్కలనూ అదే టేపుతో కొలిచినాడు. చదును రెక్కలు గెలిచినవి, వంపు రెక్కలు ఓడినవి. శాస్త్రం తెలిసి వంపు పెట్టినవారు ఓడినారు, తెలియక చదునుగా కట్టినవారు గెలిచినారు. సమానంగా పంచిన అన్యాయం కూడా అన్యాయమేనన్నది నా ఫిర్యాదు.

ఇప్పుడు రెండవ వైపు చూడవలెను. నియమాన్ని అక్షరానికి కట్టివేసి, అందులోని సందులన్నీ వెదికి దూరిపోయేవారి మాటేమిటి? అమెరికాలో "ఈజీ బి" అని ఒక తరగతి ఉన్నది. పేరులోనే ఉన్నది, సులభమని. 18 అంగుళాల రెక్క, 3 అంగుళాల లోతు, ఏకఖండమైన కర్ర, చెక్క ప్రొపెల్లరు. కొత్తవారు తేలికగా నేర్చుకొనడానికి ఉద్దేశించినది. కాని అందులో కనీసపు బరువు వ్రాయలేదు. ఇక నిపుణులు ఊరుకుంటారా? అర గ్రాము దాటని విమానాలు కట్టి, కొత్తవారు కలలో కూడా అందుకోలేని కళగా దానిని మార్చివేసినారు. సులభమన్న పేరు మిగిలినది, సులభత పోయినది. అంతర్జాతీయ సమాఖ్య ఆ కొలతలతోనే తన తరగతిని ఏర్పరచినప్పుడు 1.2 గ్రాముల కనీసపు బరువు చేర్చవలసి వచ్చినది.

1970ల దశాబ్దంలో అమెరికాలోనే "పెన్నీ విమానం" అన్నది పుట్టినది. ఒక పెన్నీ నాణెమెంత తూగుతుందో విమానం అంతకు తక్కువ తూగరాదు. ఎంత అందమైన నియమం! త్రాసు లేని పల్లెటూరి బడిపిల్లవాడు కూడా పుల్లకు రెండు వైపులా విమానాన్నీ నాణేన్నీ వ్రేలాడదీసి చూసుకోవచ్చును. కాని 1982లో అమెరికా ప్రభుత్వం ఆ నాణెం లోహాన్ని మార్చినది. రాగి తగ్గించి జింకు పెట్టగా, 3.11 గ్రాముల నాణెం 2.5 గ్రాములైనది. నియమంలో ఒక్క నాణెం పేరే ఉండి అంకె లేకపోయినట్లయితే ఏ నాణెం ప్రమాణం? నియమం పుట్టిన నాటిదా, విమానం ఎగిరే నాటిదా? నియమ పుస్తకంలో 3.1 గ్రాములని అంకె ఉన్నది కాబట్టి సరిపోయినది. 2025లో చలామణి కోసం ఆ నాణెం ముద్రించడమే ఆగిపోయినది. పెన్నీ విమానం మాత్రం 3.1 గ్రాముల మీదనే ఎగురుతున్నది.

ఆ పెన్నీ తరగతిలో రెక్క వెడల్పుకు హద్దున్నది, రెక్క లోతుకు లేదు, ప్రొపెల్లరుకు లేదు. ఫలితం ఊహించవచ్చును. తలుపు రెక్కల వంటి రెక్కలు, తాటాకు విసనకర్రల వంటి ప్రొపెల్లర్లు వచ్చినవి. అప్పుడేమి చేసినారు? ఇక్కడే నాకు ఆ సంఘం వారి మీద గౌరవం కలిగినది. "మీరు నియమపు ఆశయాన్ని భంగపరచినారు" అని వారినెవరినీ వెళ్ళగొట్టలేదు. వారు గెలిచినది గెలుపే. దాని పక్కన "పరిమిత పెన్నీ విమానం" అని మరొక తరగతి పెట్టి, అందులో రెక్క లోతు 5 అంగుళాలు, ప్రొపెల్లరు 12 అంగుళాలని హద్దులు వ్రాసినారు. లోపం వాక్యంలో ఉన్నది కాబట్టి వాక్యాన్ని సరిచేసినారు, మనిషిని శిక్షించలేదు.

నా పక్షం ఇదే. నియమంలో వ్రాయని నిషేధం నిషేధం కాదు. నిర్ణేత మనసులో ఉన్న ఆశయం ఎంత ఉదాత్తమైనా, అది కాగితం మీదికి రానంతవరకు పోటీదారుని కట్టడి చేయజాలదు. విమానం కట్టేవాడు నిర్ణేత మనసును చూచి కట్టలేడు, కాగితాన్ని చూచి కడతాడు.

దీనికి విరుద్ధమైన వాదమున్నది, అది బలహీనమైనది కాదు. అమెరికాలో బడి, ఉన్నత పాఠశాల పిల్లలకు "సైన్స్ ఒలింపియాడ్" అనే పోటీలు జరుగుతవి. కొన్ని సంవత్సరాలలో రబ్బరు విమానం అందులో ఒక అంశం. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఈ పోటీలలో పాల్గొంటూ ఉంటారు. వారి సామాన్య నియమం సారాంశమిది: స్పష్టంగా నిషేధించనిదంతా అనుమతమే, అయితే ప్రమాదకరమైనది కారాదు, సమస్య యొక్క స్ఫూర్తికి విరుద్ధం కారాదు. మొదటి సగం చదివితే నా వాదమే. రెండవ సగం చదివితే నిర్ణేతకు తాళం చెవి ఇచ్చినట్లు. స్ఫూర్తి అంటే ఎవరి స్ఫూర్తి? ఏ వాక్యంలో ఉన్నది? అయినా ఆ సగాన్ని తీసివేయమని నేనడగలేను. తండ్రి కట్టిన విమానాన్ని కొడుకు మోసుకొని వస్తే, నియమంలో "తండ్రి కట్టరాదు" అని లేకపోయినంత మాత్రాన ఒప్పుకొందుమా? ఒక్కొక్కప్పుడు అక్షరం ఆరిపోయిన చోట స్ఫూర్తి అనే దీపం కావలసి వస్తుంది. దానిని పగటి పూట కూడా పట్టుకు తిరగవద్దని మాత్రమే నా మనవి.

ఆ పోటీలలో నాకు నచ్చినవి రెండున్నవి. సందేహాలకు సమాధానాలను అందరికీ తెలిసేటట్లు ప్రకటిస్తారు. ఒక జట్టు అడిగిన ప్రశ్నకు జవాబు అన్ని జట్లకూ దక్కుతుంది. రెండవది, నిర్మాణంలో దోషమున్న విమానాన్ని ఇంటికి పంపివేయరు. దోషం లేనివారి తరువాతి శ్రేణిలో నిలిపి, ఎగరనిస్తారు. పిల్లవాడు తన పని గాలిలో తేలడం చూచుకొంటాడు. ఆ టేపు నిర్ణేతకు ఈ రెండవ పద్ధతి తెలిసి ఉంటే ఎంత బాగుండేది!

ఈ రెండు సగాల పేచీకి మన వ్యాకరణంలో పోలిక ఉన్నదని నాకు తోస్తున్నది. పరవస్తు చిన్నయ సూరి బాలవ్యాకరణం చదివిన విద్యార్థులకు తెలుసు, సంధి నిత్యమని కొన్ని చోట్ల, వైకల్పికమని కొన్ని చోట్ల, బహుళమని కొన్ని చోట్ల సూత్రాలున్నవి. నిత్యమంటే తప్పదు. వైకల్పికమంటే చేయవచ్చు, మానవచ్చు. బహుళమన్నది చిత్రమైన మాట. ఒకచోట నిత్యం, ఒకచోట నిషేధం, ఒకచోట వికల్పం, మరొకచోట ఇంకేదో. విద్యార్థులు దానిని చూచి భయపడతారు, కవులు దానిని చూచి సంతోషిస్తారు. కాని గమనించవలసినదేమంటే, స్వేచ్ఛ ఉన్న చోట స్వేచ్ఛ ఉన్నదని సూరి ముందే చెప్పినాడు. పద్యం వ్రాసిన తరువాత వచ్చి, ఇక్కడ బహుళమనుకొన్నాను, అక్కడ నిత్యమనుకొన్నాను అనలేదు.

కొలత సంగతిలో ఛందస్సు ఇంకా దగ్గర. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువన్నది సామాన్య నియమం. కాని "అద్రుచు" వంటి మాటలలో రేఫను తేల్చి పలికినప్పుడు ముందరి అక్షరం లఘువుగానే నిలుస్తుంది. కంటికి గురువు, చెవికి లఘువు. లాక్షణికులు ఈ వికల్పాన్ని గుర్తించి, చెప్పి, లక్ష్యాలు చూపినారు. మన ఉర్దూ శాఖ వారు గజల్ పాదాన్ని తఖ్తీ చేసేటప్పుడు కూడా వ్రాసిన అక్షరాన్ని విడిచి పలికిన అక్షరాన్నే తూకం వేస్తారు. అంటే రెండు భాషల వారూ కొలతకన్న ముందు కొలిచే పద్ధతిని నిర్ణయించుకొన్నారు. వంపు వెంట కొలవవలెనా, నారి వెంట కొలవవలెనా అన్న ప్రశ్నకూ దీనికీ నాకైతే భేదం కనిపించదు.

కట్టేవాడికి కూడా ఒక ధర్మమున్నది. సందేహమున్న చోట తనకు అనుకూలమైన అర్థాన్ని గుట్టుగా దాచుకొని, పోటీనాడు హఠాత్తుగా బయట పెట్టడం తెలివే కావచ్చును. ఆ తెలివి మీద ఎక్కువ బరువు మోపరాదు. ఏకరెక్క విమానమని నియమమున్నప్పుడు, ముందొక రెక్క, వెనుక దానికి సమానమైన మరొక రెక్క పెట్టి "వెనుకది తోక" అని వాదించేవాడు, ముందుగానే ఆ బొమ్మ గీచి నిర్ణేతను అడిగి ఉండవలెను. అడిగి, జవాబు పొంది, ఆపైన కడితే అతడిని ఎవరూ వేలెత్తి చూపలేరు. అడిగితే రహస్యం పోతుందంటారు. పోనీ. రెక్క చీల్చే నేర్పు, కర్ర ఏరే నేర్పు, మెలి ఎక్కడ ఆపవలెనో వ్రేళ్ళకు తెలిసే నేర్పు ఎవరు దొంగిలించగలరు? వెయ్యికి మించిన చుట్లు తిప్పిన రబ్బరు ఇంకొక్క చుట్టుకు తెగుతుందో లేదో చెప్పేది నియమ పుస్తకం కాదు.

కళాశాల సంఘం వారికి ఇందులో ఒక విన్నపం కలసి ఉన్నది. ఎన్.సి.సి. వైమానిక విభాగంలో నమూనా విమానాల శిక్షణ ఉండడం మన విద్యార్థులలో కొందరికి తెలుసు. అక్కడి పెట్రోలు ఇంజను నమూనాలకు, రేడియో నమూనాలకు అయ్యే ఖర్చు అందరి వల్లనయ్యేది కాదు. రబ్బరు విమానానికి కావలసినవి వెదురు బద్ద, గాలిపటపు కాగితం, జిగురు, రబ్బరు. సంక్రాంతి ముందు నగరంలోని పతంగుల అంగళ్ళలో వెదురును ఎంత సన్నగా, ఎంత సమంగా చీలుస్తారో చూచినవారికి, ఆ చేతులు ఈ పనికి ఎంత దగ్గరో చెప్పనక్కరలేదు. వాటిలో కొన్ని చేతులు మన విద్యార్థుల ఇండ్లలోనే ఉన్నవి. తండ్రి దగ్గర నేర్చిన ఆ పనిని కళాశాలలో చెప్పుకోవడానికి సిగ్గుపడే పిల్లవాడిని నేను ఎరుగుదును. అతడు గెలవగల పోటీ ఒక్కటైనా మన వార్షికోత్సవంలో ఉండవద్దా?

ఆ పోటీ పెట్టేటట్లయితే నియమపత్రం రెండు నెలల ముందు నోటీసు బోర్డు మీదికి రావలెను, తెలుగులోను ఉర్దూలోను. రెక్క మూరెడు, అనగా 45 సెంటీమీటర్లు, నేలకు సమాంతరంగా కొలిచినది. రెక్క లోతు 10 సెంటీమీటర్లు, ముందు అంచు నుండి వెనుక అంచుకు సరళరేఖలో. వెదురుకూ కాగితానికీ తగినట్లు రబ్బరు లేకుండా బరువు కనీసం 8 గ్రాములు, రబ్బరు నూనెతో సహా 2 గ్రాములకు మించకుండా, రెండూ రసాయనశాస్త్ర శాఖ త్రాసు మీద, పోటీ జరిగే రోజున, పోటీ జరిగే భవనంలో తూచినవి. రెండు భాషల ప్రతులలో తేడా కనిపిస్తే ఏ ప్రతి ప్రమాణమో కూడా ముందే వ్రాయవలెను. ఈ పని నాకూ ఉర్దూ శాఖ వారికీ అప్పగిస్తే సంతోషం. సందేహాలను పోటీకి పదిహేను రోజుల ముందు వరకు వ్రాతపూర్వకంగా స్వీకరించి, జవాబులను అదే బోర్డు మీద పెట్టవలెను. ఆ తరువాత పుట్టిన సందేహంలో అర్థం రెండు విధాల పొసగితే, కట్టినవాడికి అనుకూలమైన అర్థమే తీసుకోవలెను. దోషం తేలిన విమానాన్ని అక్కడికక్కడే సరిచేసుకొనడానికి అరగంట గడువివ్వవలెను. అప్పటికీ సరిపడకపోతే రెండవ శ్రేణిలో ఎగరనివ్వవలెను.

మన సభాభవనం కప్పు ఎత్తు తక్కువే. ఉప్పు గనితో పోల్చడానికి లేదు. ఆ రెండు గంటలు పంకాలు ఆపి, తలుపులు మూసి, ముందు వరుసలో కూర్చున్న పెద్దలు విసనకర్రలు కూడా ఒళ్ళో పెట్టుకొంటే సరిపోతుంది.